మూడో తరగతి వరసలో నందిని చోటు

మదనపల్లెలో మా వీధి చివర హిమబిందు అనే అమ్మాయి ఉంటుంది. ఈ మధ్యనే టీచరు ఉద్యోగం వచ్చింది. మొన్న ఆదివారం నేను చర్చి నుంచి వచ్చి ఇంకా చెప్పులైనా విప్పలేదు, చేతిలో కాగితాల కట్టతో గుమ్మంలో నిలబడింది.

"మేడం, మా క్లాసులో ఒక బాబుకి పచ్చకామెర్లు. నెల రోజులు బడికి రాడంట, వాళ్ళమ్మ వచ్చి చెప్పిపోయింది. తెలుగు, లెక్కలు, ఇంగ్లీషు అన్నీ జిరాక్సు తీయించినా. ఇవి పంపిస్తే సాలునా?"

కట్టను చేతిలోకి తీసుకుని బరువు చూశాను.

"ఏ క్లాసమ్మా ఆ బాబు?"

"రెండో క్లాసు మేడం."

"కామెర్లు వచ్చింది వాడికేనా, కలెక్టరు పరీక్షకి చదివే వాళ్ళన్నకా?"

పాపం, ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. ఏం చేసేది, నాకు రిటైర్మెంటు ఇచ్చారు గాని నా నోటికి ఇవ్వలేదు. లోపలికి పిలిచి కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను. కాఫీ తాగుతుండగా ఒక్క మాట అడిగాను. "ఆ బాబు కూర్చునే చోట్లో ఇప్పుడు ఎవరు కూర్చుంటున్నారు?"

హిమబిందు గ్లాసు కింద పెట్టింది. "ఎవురో ఒకరు జరిగి కూసోనుంటారు మేడం. నేను సూడలేదు."

"రేపు పోయి ముందు అది చూడు. ఆ తర్వాత జిరాక్సుల సంగతి చూద్దాం."

సరే అని తల ఊపి వెళ్ళిందిగాని, ఈ ముసలామెకి ఏదో అయిందని అనుకునే ఉంటుంది. అందుకే ఇది రాస్తున్నాను. నాకు ఇంక్రిమెంట్లు ఎప్పుడొచ్చాయి, ట్రాన్స్‌ఫర్ల కోసం ఏ ఆఫీసు మెట్లెక్కాను, అవేవీ ఇందులో ఉండవు. ఇద్దరు టీచర్లు బస్టాండులో కలిస్తే ఆ కథలు ఎలాగూ చెప్పుకుంటారు. బడికి రాలేకపోయిన పిల్లల గురించి మాత్రం ఎవరూ చెప్పుకోరు. వచ్చిన పిల్లలతోనే మనకి సరిపోతుంది కదా!

వేపమండల ఇల్లు

నా మొదటి పోస్టింగు పుంగనూరు దాటి, సోమల కూడా దాటి, బస్సు దిగాక ఇంకా నడవాల్సిన ఒక పల్లెలో. అక్కడ రెండో తరగతిలో రెడ్డెమ్మ అని ఒక బక్కపిల్ల ఉండేది. ఒక వారం రాకపోయేసరికి సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. వాళ్ళమ్మ లోపలి నుంచే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆడ్నే నిలబడండి టీచరమ్మా. ఇంట్లో తల్లి ఉండాది."

ఒంటిమీద పొక్కులు పోస్తే ఆ ఊళ్ళో దాన్ని జబ్బు అనరు, అమ్మవారు ఇంటికి వచ్చింది అంటారు. పోపు పెట్టరు, గట్టిగా మాట్లాడరు, బయటివాళ్ళని గడప దాటనివ్వరు. లోపలికి పోయిన వస్తువు ఏదైనా సరే, బిడ్డకి నీళ్ళు పోసే రోజుదాకా బయటికి రాదు.

మా నాయన మిషన్ ఆసుపత్రిలో కంపౌండరు. చిన్నప్పటి నుంచి మా ఇంట్లో వినిపించేవి క్రిములు, డెట్టాలు, సబ్బునీళ్ళు. పైగా నాకప్పుడు ఉడుకు రక్తం. ఒక పెద్ద ఉపన్యాసం గొంతుదాకా వచ్చింది. కానీ ఆ తల్లి కళ్ళు చూశాను. ఎన్ని రాత్రుళ్ళు నిద్రపోలేదో, గుంటలు పడి ఉన్నాయి. ఉపన్యాసం మింగేశాను. తర్వాత నిదానంగా ఆలోచిస్తే నవ్వొచ్చింది. లోపలికి రావద్దు, లోపలివి బయటికి తేవద్దు అని మా నాయన చెప్పేదే ఆమె కూడా చెబుతోంది. ఆయన డెట్టాలు పేరు చెబుతాడు, ఆమె తల్లి పేరు చెబుతోంది, అంతే తేడా.

ఒక పలక లోపలికి ఇచ్చాను. లోపలికి పోయిన పలక ఇక బయటికి రాదు, కాబట్టి దిద్దడం కుదరదు. రెడ్డెమ్మ కిటికీ ఊచల దగ్గరికి వచ్చి పలక ఎత్తి చూపించేది. నేను వీధిలో నిలబడి చూసేదాన్ని. గట్టిగా చెప్పకూడదు కాబట్టి లెక్క తప్పయితే ముక్కు పట్టుకునేదాన్ని, ఒప్పయితే రెండు చెవులూ పట్టుకునేదాన్ని. వీధిలో పోయేవాళ్ళు టీచరమ్మకి కూడా తల్లి పోసిందేమో అన్నట్టు చూసేవాళ్ళు. ఆ పిల్ల మాత్రం పొక్కుల ముఖంతో కిలకిలా నవ్వేది. వాళ్ళమ్మ వెనకనుంచి "ష్, తల్లి నిద్రపోతాండాది" అంటూనే తనూ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

ఆ ఇంటి నుంచి నేను నేర్చుకున్నవి రెండు. ఇల్లు మన బడి కాదు, అక్కడ వాళ్ళ కట్టుబాటులోనే మన పాఠం ఇమడాలి అనేది మొదటిది. రెండోది రెడ్డెమ్మ నేర్పింది. ఒకరోజు పలక దించేసి, పక్కకి చూస్తూ, బాగా గొంతు తగ్గించి అడిగింది.

"టీచర్, నా పక్కన ఎవురు కూసుంటాండారు?"

పాఠాలు ఎంతదాకా అయ్యాయని ఆ పిల్ల ఒక్కసారి కూడా అడగలేదు. ఆ తర్వాత నేను చూసిన పిల్లలెవరూ అడగలేదు. నా చోటు ఉందా పోయిందా అన్నదే వాళ్ళ దిగులంతా.

గోవిందప్ప సార్ వరసలు

రెడ్డెమ్మ అడిగిన ఆ మాట నాకు పూర్తిగా అర్థమైంది కుప్పం వైపు పనిచేసినప్పుడు. కుప్పం నుంచి వెంకటగిరికోట పోయే దారికి కొంచెం లోపలగా ఉన్న పల్లె. ఎటు చూసినా మల్బరీ తోటలు, ప్రతి ఇంటి పక్కనా పట్టుపురుగులు పెంచే ఒక పురుగుల ఇల్లు. బడికి రెండే గదులు, ఇద్దరమే టీచర్లం. హెడ్మాస్టరు గోవిందప్ప సార్ దగ్గర నాలుగు, ఐదు తరగతులు, నా దగ్గర కింది మూడు.

గోవిందప్ప సార్‌ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు గౌరవమూ కోపమూ కలిసే వస్తాయి. అందరికంటే ముందు వచ్చి బడి తలుపు తీసేది ఆయనే. పిల్లల గోళ్ళు ఆయనే కత్తిరించేవాడు, ముక్కులు ఆయనే తుడిచేవాడు. బీడీ తాగాలనిపిస్తే పిల్లల కంట పడకుండా బడి వెనక్కి పోయి తాగి వచ్చేవాడు. వాళ్ళింట్లో తాతల కాలం నుంచీ పట్టుపురుగులే. ఏ మాట ఎత్తినా ఆయనకి ఉదాహరణ పురుగుల ఇంట్లోనుంచే వచ్చేది.

నా గదిలో మూడు తరగతులు మూడు వరసలుగా నేలమీద కూర్చునేవి. కిటికీ వైపు ఒకటో తరగతి, నడుమ రెండు, గోడ వైపు మూడు. జూన్‌లో బడి తెరిచాక ఒక వరసలోంచి పై వరసలోకి జరగడం అంటే పిల్లలకి కుప్పంలో బెంగుళూరు రైలు ఎక్కినంత సంబరం. ఆ వరసల విషయంలో గోవిందప్ప సార్‌కి ఒక పద్ధతి ఉండేది. ఎవరైనా చాలా రోజులు బడికి రాకుండా ఉండి తిరిగొస్తే, తప్పిపోయిన పాఠాలు వచ్చేదాకా వాళ్ళని కింది తరగతి వరసలో కూర్చోబెట్టేవాడు. తిట్టేవాడు కాదు, కొట్టేవాడు కాదు. మెల్లగా చెయ్యి పట్టుకుని తీసుకుపోయి కూర్చోబెట్టేవాడు. అదే నాకు ఇంకా మంట.

"ఎనకబడినోడికి మేత వేరే ఉండల్లమ్మా. అందరితో కలిపి పెడితే వాడికీ అందదు, మిగిలినోళ్ళకీ అందదు" అనేవాడు.

నేను చెప్పబోయే నందినివాళ్ళ పక్కింట్లో శంకర అని ఒక పిల్లవాడు ఉండేవాడు. అమ్మానాన్నలు బెంగుళూరికి బిల్డింగు పనికి పోతే వాళ్ళతో పోయి, కొన్నాళ్ళకి తిరిగొచ్చాడు. సార్ వాడిని మూడో తరగతి వరసలోంచి రెండో తరగతి వరసలోకి దించాడు. తన చెల్లెలి ఈడు పిల్లల మధ్య, అందరికంటే ఒక తల ఎత్తుగా కనిపిస్తూ, నాలుగు రోజులు కూర్చున్నాడు. ఐదో రోజు మేకలు తోలుకుని పోయాడు. ఆ తర్వాత హాజరు పిలిస్తే వాడి పేరు ఉండేది, వాడు ఉండేవాడు కాదు. నేను సార్‌తో గట్టిగానే గొడవ పెట్టుకున్నాను. ఆయన నవ్వి "నువ్వు మదనపల్లె టౌనుదానివమ్మా, నీకు అర్థం కాదులే" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది!

వలకి అవతల మంచం

నందిని మూడో తరగతి. ప్రశ్న సగంలో ఉండగానే చెయ్యి ఎత్తే రకం. ఒకరోజు వాళ్ళ నాన్న మల్బరీ కట్టలు వేసుకుని మోపెడ్‌లో వస్తుంటే ఆ కట్టల మీద ఎక్కి కూర్చుంది. మలుపులో జారి పడింది. తొడ ఎముక విరిగింది. పుత్తూరుకి తీసుకుపోయి కట్టు కట్టించుకొచ్చారు. కాలు కదపకూడదు, లేవకూడదు, ఎముక అతుక్కునేదాకా మంచమే.

మరుసటి రోజు సాయంత్రం వాళ్ళింటికి పోయాను. వాకిట్లో నందిని అవ్వ మునెమ్మ నన్ను ఆపింది. దగ్గరికి వచ్చి ముక్కు ఎగబీల్చింది.

"ఏంది టీచరమ్మా, పౌడరు కొట్టుకోనుండావా?"

"కొంచెమే అవ్వా."

"కొంచెమైతే మాత్రం? పురుగు మేత మీదుండాది. ఈ వాసనకి మూతి పెట్టదు. పో, ఆ తొట్టికాడ మూతి కడుక్కోని రా."

పొద్దున లేస్తే పిల్లలకి ముఖం కడుక్కుని రమ్మని చెప్పేదాన్ని, ఆ తొట్టి దగ్గర నిలబడి రుద్ది రుద్ది కడుక్కున్నాను. అప్పటికీ లోపలికి రానివ్వలేదు. పురుగుల ఇంటిచుట్టూ వల కట్టి ఉంటుంది. బయటివాళ్ళు పోతే పురుగుకి తెగులు వస్తుందని భయం. ఆ ఇంటి ఏడాది తిండి పురుగుల్ని పెంచే ఆ తట్టల్లో ఉంది, భయపడరా మరి? ఇంట్లో అందరూ పగలంతా పురుగుల దగ్గరే ఉంటారు కాబట్టి, నందిని మంచం కూడా ఆ పురుగుల ఇంటి వసారాలోనే, వలకి లోపల వేశారు. నేను బయట రాయి మీద కూర్చున్నాను. మా ఇద్దరి మధ్య పచ్చటి వల.

"నొప్పిగా ఉందా తల్లీ?"

"రాత్రిపూట ఉండాది టీచర్." దుప్పటి అంచు మడత పెట్టింది. "నన్ను గూడా శంకరన్న మాదిరి దించేస్తారా?"

లేదని గట్టిగా చెప్పాలనిపించింది. కానీ బడికి పెద్ద గోవిందప్ప సార్, నేను కాదు. చెప్పి, ఆ మాట నిలబెట్టుకోలేకపోతే? "నువ్వు ముందు కాలు బాగుచేసుకో, నేనుండాను కదా" అని మాత్రం అన్నాను. ఆ పిల్ల తెలివైంది, నేను జవాబు దాటేశానని తెలుసుకుంది. ముఖం అటు తిప్పుకుంది.

ఆ రోజు ఇంటికి నడుస్తూ నడుస్తూ ఒక ఆలోచన చేశాను. మా క్లాసులో పాఠం చదివే పద్ధతి ఏమిటంటే, వరసలో ఒక్కొక్కరు ఒక్కో వాక్యం చదవాలి. నందిని వంతు పక్కన కూర్చునే గాయత్రి తర్వాత. మర్నాడు పిల్లలకి చెప్పాను, నందిని చోట్లోకి ఎవరూ జరగకూడదు, నందిని వంతు వాక్యం ఎవరూ చదవకూడదు అని. గాయత్రి చదివాక, ఆ ఒక్క వాక్యం చదివేంతసేపు అందరూ ఊరుకోవాలి. తర్వాతి పిల్లవాడు దాన్ని వదిలి ముందుకు పోవాలి. మిగిలిపోయిన వాక్యాన్ని సాయంత్రం నందిని దగ్గరికి తీసుకుపోవాలి.

మొదట్లో పిల్లలకి అది ఆట. ఊరుకోమంటే కిసకిస నవ్వేవాళ్ళు. తర్వాత తర్వాత వాళ్ళకే పట్టింపు వచ్చింది. ఎవరైనా తొందరపడి నోరు తెరిస్తే "ఒరే, అది నందినిది!" అని గదమాయించేవాళ్ళు.

చివరి పీరియడులో మూడో తరగతి పిల్లల్ని వాళ్ళింటికి తీసుకుపోతానంటే గోవిందప్ప సార్ వెంటనే ఒప్పుకున్నాడు. "పోండి, అయితే కాళ్ళు సబ్బుతో కడిగించు. పురుగుల ఇల్లు" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదని నేను చెప్పేది ఇందుకే. పిల్లలు వలకి ఇవతల వరసగా కూర్చునేవాళ్ళు. నందిని మంచాన్ని వాళ్ళ నాన్న వలకి ఆనించేవాడు. సరిగ్గా గాయత్రి పక్కకి. అందరూ పొద్దున చదివిన పాఠమే మళ్ళీ చదివేవాళ్ళు, ఈసారి నందిని గొంతుతో కలిపి, మధ్యలో ఖాళీ లేకుండా.

హిమబిందూ, ఒక మాట. మంచాన పడిన బిడ్డకి అరగంట చాలు. అంతకు మించితే బిడ్డకి కాదు, మన తృప్తికి. ముందు నొప్పి గురించి అడుగు, తర్వాతే పాఠం. అయ్యో పాపం అనే ముఖం పెట్టుకుని పోవద్దు, ఆ ముఖాలు వాళ్ళకి ఇంటినిండా ఉంటాయి. పంపే పని ఏదైనా సరే, మళ్ళీ పోయి చూసేటట్టయితేనే పంపు. ఫోనులో పాఠం పంపించి చేతులు దులుపుకోవద్దు. మదనపల్లెలో నా ఉద్యోగం చివరి రోజుల్లో అదీ చూశాను. ఫోను నాన్నతో టమోటా మండీకి పోయి ఉంటుంది, పాఠం ఆ ఫోనులో ఉంటుంది, పిల్లవాడు ఇంట్లో ఉంటాడు. ఇంక ఎవరికి చెప్పినట్టు?

వేరే తట్ట

ఒకరోజు గోవిందప్ప సార్ కూడా మాతో వచ్చాడు. బిడ్డని చూడాలని తనే అన్నాడు. జేబులో బిస్కెట్ ప్యాకెట్టు కూడా పెట్టుకున్నాడు. మునెమ్మవ్వ వాకిట్లోనే పట్టేసింది.

"అయ్యోరా, బీడీ తాగినట్టుండావే. ఈడ్నే కూసో."

"నాకు తెలీదా అవ్వా. నేనూ పురుగుల ఇంట్లోనే పుట్నా" అని నవ్వి, పిల్లల పక్కన అరుగు మీద కూర్చున్నాడు. బిస్కెట్ ప్యాకెట్టు గాయత్రి చేత వల కింద నుంచి పంపించాడు.

ఆ రోజు పురుగు జ్వరం నుంచి లేచిన రోజు. పురుగు పెరిగే కాలంలో నాలుగుసార్లు మేత మాని, కదలకుండా పడుకుని, పాత తోలు విడుస్తుంది. దాన్నే అక్కడ జ్వరం అంటారు. లేచిన వాటికి మళ్ళీ ఆకు వేస్తారు. మునెమ్మవ్వ తట్ట ముందేసుకుని, ఇంకా లేవని పురుగుల్ని ఒక్కొక్కటే ఏరి చిన్న తట్టలో వేస్తోంది.

పిల్లలు చదవడం అయిపోయింది. నందిని బిస్కెట్ ప్యాకెట్టు విప్పలేదు. అటూ ఇటూ చూసి అడిగేసింది.

"సార్, నేనొచ్చినాక ఏ వరసలో కూసోవల్ల?"

"ముందు నడిసి రా తల్లీ" అన్నాడు ఆయన ఎంతో ప్రేమగా. "కొన్నాళ్ళు రెండో క్లాసు వరసలో కూసుందువులే. నేర్సుకున్న ఎంటనే పైకి పోదువు."

నేను ఊరుకుంటానా! "ఏం సార్, రోజూ మేమంతా ఇక్కడికొచ్చి చేస్తున్నది ఏమిటి? ఆ పిల్ల ఒక్క పాఠం కూడా తప్పలేదే?" అన్నాను. ఆయన మునెమ్మవ్వ వైపు తిరిగాడు.

"నువ్వు సెప్పవ్వా ఈయమ్మకి. లేటుగా లేసే పురుగుల్ని ఏం సేస్తాండావు?"

"ఏరి వేరే తట్టలో ఏస్తాండా" అంది అవ్వ, చేతిలో పని ఆపకుండా. "కలిపి ఉంచితే పంటంతా ఎచ్చుతగ్గులైపోదా?"

"ఇన్నావా టీచరమ్మా?"

విన్నాను. అప్పుడు అర్థమైంది నాకు, ఆ పద్ధతి ఆయనకి ఎక్కడినుంచి వచ్చిందో. ఏ పుస్తకంలోనుంచీ కాదు, ఏ అధికారీ చెప్పలేదు. చిన్నప్పుడు వాళ్ళమ్మ పక్కన కూర్చుని పురుగులేరిన చేతులు ఆయనవి. మంచి పంట కోసం చేసే పని, మంచి బడి కోసం కూడా చేస్తున్నాడు.

నందిని మంచంలోంచి అడిగింది. "అవ్వా, ఆ తట్టలోవి గూడు కడతాయా?"

"యాడ కడతాయే?" మునెమ్మవ్వ తల ఎత్తలేదు. "ఒకటీ అరా కడతాయి, అదీ పల్సగా. మిగిలినేటివి దిబ్బలో పారేసేదే."

ఆకు మీద పురుగులు మేసే చప్పుడు, సన్నగా వాన పడుతున్నట్టు, అదొక్కటే వినబడుతోంది. నందిని దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. ఏడుపు బయటికి రానివ్వకుండా ఏడుస్తోంది, దుప్పటి మాత్రం ఎగిసెగిసి పడుతోంది.

"శంకరన్నని గూడా అట్నే పారేసినారు" అంది దుప్పటి లోపలినుంచి.

అప్పుడు చూసింది మునెమ్మవ్వ. ముందున్న తట్ట పక్కకి నెట్టేసి పరిగెత్తింది. "అయ్యో, నా బంగారు తల్లీ! నేను పురుగుల మాట కదే సెప్తాండా. నిన్నంటానా? నా నోట్లో మన్ను పడ!"

గోవిందప్ప సార్ లేచి నిలబడ్డాడు. వల దగ్గరికి పోయాడు. అంతటితో ఆగిపోయాడు. బీడీ వాసనతో లోపలికి పోకూడదు. ఆ తల నిమరడానికి ఒక చెయ్యి పైకి లేచింది, వలకి తగిలి కిందికి జారింది. "నందినీ" అన్నాడు ఒకసారి. ఆ పిల్ల దుప్పటి తీయలేదు. ఆయన చెప్పులు వేసుకుని, మాకంటే ముందు వెళ్ళిపోయాడు.

ఆయన్ని అనడానికి నా దగ్గర చాలా మాటలు తయారుగా ఉన్నాయి. రెడ్డెమ్మ ఇంటి గుమ్మంలోలాగే, అవన్నీ నాలోనే ఉంచుకున్నాను. ఆ మనిషి వెనక్కి చూడకుండా నడిచిపోతుంటే పిల్లల్ని లేపి పుస్తకాలు సర్దించాను.

తర్వాత రోజుల్లో ఆయన వరసల మాటే ఎత్తలేదు. నేనూ అడగలేదు, అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని. కానీ సాయంత్రాలు మేకల మంద వైపు పోతున్నాడని పిల్లలు చెప్పారు. శంకర ఆయన్ని దూరంనుంచి చూసి గుట్ట వెనక్కి పోయేవాడట. ఈయన బండమీద కూర్చుని, పొద్దుగూకేదాకా చూసి, తిరిగొచ్చేవాడట. చివరికి శంకర బడికి కొన్నాళ్ళు వచ్చాడు, మళ్ళీ పోయాడు. అన్నీ మంచిగానే ముగిశాయని నేను అబద్ధం రాయను.

గాయత్రి తర్వాత

పట్టుగూళ్ళు అమ్మేశారు. పురుగుల ఇల్లు కడిగి సున్నం కొట్టారు. నందిని కట్టు విప్పారు. ఒక కర్ర పట్టుకుని మొదట మంచం చుట్టూ, తర్వాత వాకిట్లో నడిచింది. ఒక సోమవారం పొద్దున వాళ్ళ నాన్న మోపెడ్ మీద తెచ్చి బడి ముందు దించాడు. మునెమ్మవ్వ కూడా వెనకే నడిచొచ్చింది, బయటే గోడ పక్కన నిలబడింది.

నందిని కర్రతో గుమ్మంలో ఆగింది. తలకి నూనె పెట్టి రెండు జడలు వేశారు. కాళ్ళు రెండూ ఒకే లావు లేవు. గోడవైపు వరస చూసింది. గాయత్రి పక్కన ఆమె చోటు ఖాళీగానే ఉంది. పిల్లలందరూ ఆమెనే చూస్తున్నారు. రమ్మని గాయత్రి చెయ్యి ఊపింది.

నందిని ఆ వైపు పోలేదు. నెమ్మదిగా నడిచి పోయి, నడుమ ఉన్న రెండో తరగతి వరస చివర, కర్ర పక్కన పెట్టి, సన్నబడిన కాలు చాపుకుని కూర్చుంది. ఎవరూ చెప్పలేదు. తనే పోయి కూర్చుంది. పక్కనున్న చిన్నపిల్లలు ఆమె కాలికి తగలకుండా జరిగారు. ఆమె తల వంచుకుని నేలను చూస్తోంది. నోరు తెరవబోయాను.

"నందినీ, ఆడ యాల కూసున్నావు?"

గోవిందప్ప సార్. తన గదిలోంచి చేతిలో సుద్దముక్కతోనే వచ్చాడు.

"మీరే సెప్పినారు కదా సార్."

ఆయన ఆమె దగ్గరికి వచ్చాడు. మోకాళ్ళ నొప్పుల మనిషి, అయినా కష్టపడి నేలమీద కూర్చున్నాడు, ఆమె ఎత్తుకి.

"నేను పురుగుల మాట సెప్పినా తల్లీ. ఈడుండేది బిడ్డలు. ఇన్నేండ్లకి తెలిసింది నాకు." సుద్దముక్క జేబులో వేసుకున్నాడు. "లేయమ్మా. నీ చోటు అదిగో ఆడుండాది. ఎవుర్నీ కూసోనీకుండా కాపలా కాసినారు ఈళ్ళంతా."

చెయ్యి ఇచ్చి లేపాడు. కర్ర ఆయనే పట్టుకున్నాడు. అంత దగ్గరికి వచ్చినా ఆ రోజు ఆయన దగ్గర బీడీ వాసన లేదు, నేను గమనించాను. గాయత్రి ఆ చోటుని పావడా అంచుతో గబగబా తుడిచింది. గోవిందప్ప సార్ నందినిని అక్కడ కూర్చోబెట్టి, కర్రని గోడకి ఆనించి, మళ్ళీ తన గదికి పోలేదు. గుమ్మంలో నిలబడ్డాడు. కిటికీ బయట మునెమ్మవ్వ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది.

నాకేం చేయాలో తోచక, పుస్తకాలు తీయమన్నాను. కొత్త పాఠం. మొదటి పిల్లవాడు మొదటి వాక్యం చదివాడు. వరసగా ఒక్కొక్కరూ చదువుతూ వచ్చారు. గాయత్రి తన వాక్యం చదివి ఆగింది.

ఆగాక, పిల్లలందరూ ఊరుకున్నారు. ఇన్నాళ్ళ అలవాటు. గదిలో ఎవరూ కదల్లేదు. తర్వాతి పిల్లవాడు కూడా పుస్తకంలో వేలు పెట్టుకుని, ఆ వాక్యం అయిపోవడానికి పట్టేంతసేపు అలాగే ఉన్నాడు. నందినికి ఇది తెలియదు. బడిలో తన కోసం ప్రతి రోజూ ఇంత నిశ్శబ్దం ఉంచారని ఎవరూ ఆమెకి చెప్పలేదు. ఏమైందో తెలియక అందరి ముఖాలూ చూసింది.

గాయత్రి మోచేత్తో మెల్లగా పొడిచింది. "నీదేనే. సదువు."

నందిని పుస్తకం మీదికి వంగి, వేలు పెట్టి, చదివింది.

"ఇంకోసారి సదువమ్మా" అన్నాడు గోవిందప్ప సార్ గుమ్మంలోంచి. "బయట మీ అవ్వకి గూడా ఇనపడల్ల."

ఈసారి గట్టిగా చదివింది.